కదలకు బాబాయి

పరంజా మీంచి పడ్డ తాపీమేస్త్రీ శవాన్ని ఇంకా తియ్యనేలేదు, కాంట్రాక్టరు మనుషులొచ్చి అతని హెల్మెట్టూ మెడలోని కార్డూ లాక్కుపోయారు.

"వీడెవడో దారినపోయేవాడు. మా పనివాడు కాడు," అన్నాడు కాంట్రాక్టరు. పోలీసులు తలూపారు. పచ్చి అబద్ధానికి తలూపడం వాళ్లకు కొత్తా?

జనంలో ఒకడు మాత్రం తన కెమెరా వంక చూసుకున్నాడు. కడుపు చేతపట్టుకుని సముద్రం దాటి వచ్చి, ఈ ఊళ్లోనే ఇటుకలు మోసి, ఆ కూలితోనే కెమెరా కొనుక్కున్నవాడు. ఏళ్ల తరబడి సాటి వలస కూలీల బతుకుల్నే ఫొటోలు తీస్తున్నాడు. ఎవర్ని తీసినా ముందు "కదలకు, కదలకు" అంటాడని 'కదలకు బాబాయి' అని పేరెట్టేశారు.

"నీ మాట వింటే గోడా లేవదు, కూలీ రాదు బాబాయీ!" అని పొద్దున్నే పరంజా మీంచి వెక్కిరించాడు ఆ మేస్త్రీ. ఆ నవ్వు కెమెరాలో ఉంది. నెత్తిన హెల్మెట్టు, వెనక కంపెనీ బోర్డు కూడా ఉన్నాయి.

సాయంత్రం రేకుల షెడ్డులో అందరూ చేరారు.

"ఆ ఫొటో బయటపెడితే నిన్ను దేశం నుంచే తరిమేస్తారు," అన్నాడు వెల్డరు. "మమ్మల్నీ తరుముతారు. నోరు మూసుకుంటే పోలా?"

"మూసుకున్నాం కాబట్టే నా తమ్ముడు దారినపోయేవాడయ్యాడు!" మేస్త్రీ అక్క విరుచుకుపడింది; ఆమెదీ అక్కడే కాంక్రీటు మోసే పని. "రేపు నువ్వు పడితే నిన్నూ అంతే అంటారు. అప్పుడెవర్రా నోరు తెరిచేది?"

వెల్డరు తల దించుకున్నాడు. బాబాయికీ భయమేసింది. తరిమేస్తే తిరిగి వెళ్లడానికి అతనికి సొంతదేశంలో ఇల్లూ లేదు, వాకిలీ లేదు. అయినా తెల్లారేసరికి మేస్త్రీ నవ్వు గేటంత పెద్ద ఫొటోగా కంపెనీ గేటు మీద ఉంది. పనిలోకి వచ్చినవాళ్లు వచ్చినట్టే దాని ముందు ఆగిపోయారు.

పోలీసు వ్యాను రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగాడు.

"ఎవడ్రా ఇది తీసింది?"

బాబాయి కెమెరా తీసి మేస్త్రీ అక్క మెడలో వేశాడు.

"నాకు రాదు బాబాయీ!"

"నొక్కడమే తల్లీ. ముందు ఆ మాట అను, చాలు."

అతన్ని వ్యానులోకి తోశారు. ఇన్‌స్పెక్టరు వ్యానుకు అడ్డంగా నిలబడ్డ జనం మీదికి లాఠీ ఎత్తాడు. "కదలండి! దారివ్వండి!"

జనం తడబడ్డారు. ముందు వరసలో వెల్డరు కాలు వెనక్కి పడింది. అప్పుడు మేస్త్రీ అక్క కెమెరా ఎత్తింది.

"కదలకండి!"

ఎన్నేళ్ల అలవాటో! గుంపంతా ఉన్నచోటే నిలబడిపోయింది. వెల్డరు కాలు ముందుకు తెచ్చుకుని, ఫొటోకి నిలబడ్డట్టే తలెత్తాడు.

మొదటి లాఠీ అతని భుజం మీదే పడింది. కెమెరా టక్కుమంది.

"మళ్లీ తియ్యి తల్లీ!" వ్యానులోంచి బాబాయి కేక.

లాఠీ మళ్లీ లేచింది. వెల్డరు కదల్లేదు.