బావ చేతికిచ్చిన రాడ్డు

సౌదీ వాళ్లకే కొలువులివ్వాలనే నితాఖత్ చట్టం వచ్చి మా దుకాణం మీద పడింది. జుబైల్ సముద్రపు ఒడ్డున గాలాలు అమ్ముకునే కొట్లో కూడా ఒక సౌదీ మనిషిని పెట్టుకోవాలట! పైగా మాలాంటి ప్రతి పరాయివాడికీ లెవీ అని పన్ను కట్టాలి. ఇద్దరిలో ఒకరి ఇఖామానే, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టునే, రెన్యూవల్ చేస్తానని మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ అబూ ఫహద్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ ఇద్దరం నేనూ, మా అక్క ముత్యవ్వ మొగుడు పీరయ్య బావా.

శుక్రవారం తన దోస్తులను జెట్టీకి తెస్తాననీ, వాళ్లకు జెట్టీ కిందికి ఎర కొట్టడం ఎవరు బాగా చూపిస్తే వాళ్లే ఉంటారనీ అన్నాడు. ఎండకు చేపలు జెట్టీ కింద నీడలో నక్కుతాయి. మామూలుగా విసిరితే ఎర చెక్కలకు కొట్టుకుంటుంది. ఎరను వేళ్లతో వెనక్కి లాగి, గాలపు రాడ్డును విల్లులా వంచి వదిలితే, నీళ్ల మీద జారుతూ లోపలికి పోతుంది. దానికి కొన మెత్తగా వంగే పొట్టి రాడ్డు, చిన్న రీలు, సన్న దారం కావాలి.

రాడ్లు, రీళ్లు ఎంచే పని ఎప్పుడూ నాదే.

"బామ్మర్దీ, నాకు గూడ ఒకటి తియ్యిరా," అన్నాడు బావ.

పొట్టిది నాకు ఉంచుకుని, పెద్ద చేపలకు వాడే పొడవాటి మొండి రాడ్డు ఆయన చేతిలో పెట్టాను. థూ, నా బతుకు! అక్క చేతి ముద్ద తిని పెరిగినవాణ్ణి.

జెట్టీ మీద బావ రాడ్డు వంగితే ఒట్టు. ఎర ఓసారి చెక్కకు గుచ్చుకుంది, ఇంకోసారి అబూ ఫహద్ తలగుడ్డకే తగులుకుంది. దోస్తులు పగలబడి నవ్వారు. "క్యా పీరయ్యా, బుడ్ఢా హో గయా?" అన్నాడు కఫీల్ వచ్చీరాని హిందీలో. నా ఎర నీడలోకి దూరి చేపను పట్టుకొచ్చింది. కఫీల్ నా భుజం తట్టి, బావకు అక్కడే ఎగ్జిట్, ఇక ఊరికి పొమ్మన్నాడు.

గదిలో బావ బట్టలు సర్దుకుంటుంటే ఉండబట్టలేకపోయాను.

"బావా, ఆ రాడ్డు... కావాల్ననే తప్పుడుది ఇచ్చిన."

"ఎరుకే. చేతిల పట్టంగనే ఎరుకైంది. ఈ దుకాణానికి నేనేమన్న కొత్తనా?"

"మరి కఫీల్‌కు చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? నా పెండ్లాం తమ్ముడు దొంగ అనా? నలుగుర్ల అత్తగారింటి మనిషి పరువు తీసుడు నాతోని గాదు."

చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది. కాళ్ల మీద పడబోయాను. బావ పక్కకు జరిగాడు.

"నేను పోయి కఫీల్‌కు నిజం చెప్త బావా."

"చెప్తే ఇద్దరం పోతం. మీ అక్కకు చెప్పు. నేనెందుకొస్తున్ననో నీ నోటితోనే చెప్పు."

ఫోన్ కలిపాను.

"తమ్మీ, మంచిగున్నవా?" అంది అక్క. "మీ బావకు ఏం తెల్వదు, నువ్వే సూస్కోవాలె బిడ్డా."

ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. బావ సంచీ మూతి కడుతూ నావైపే చూస్తున్నాడు.