ఆశీర్వాదం టీము చేతులు మారిన వైనం

గుండ్లవారిపాలెంలో ఒక ఫుట్‌బాల్ టీము ఉందని పర్చూరు దాటితే ఎవరికీ తెలియదు. పర్చూరులోనూ తెలిసినవాళ్ళు తక్కువే. అయినా రెండువేల ఎనిమిది వేసవిలో ఆ టీము ఎవరి చేతికి పోతుందన్న దాని మీద ఊళ్ళో రేగిన రగడ చూస్తే, ఢిల్లీలో ప్రభుత్వం పడిపోతోందేమో అనుకోవాల్సిందే. ఆ రగడంతా తిరిగి తిరిగి చివరికి వీరమ్మ నెత్తిన పడింది.

వీరమ్మకు అరవై దగ్గర పడుతున్నాయి. మిరప కోతలకూ, కాయల తొడిమలు తీయడానికీ వెళ్ళే మనిషి. ఆదివారం ఉదయం చర్చి, సాయంత్రం ఫుట్‌బాల్. రెండింటిలో దేనికి హుషారుగా తయారవుతుందో పాస్టరుగారికి తెలుసు గానీ ఆయన ఆ ఊసెత్తడు. మిషన్ బడి వెనక మైదానంలో, గీతకు జానెడు దూరాన తిరగేసిన తట్ట మీద కూర్చుని, "ఒరేయ్ కొట్టరా! చూస్తావేందిరా, కొట్టు!" అని ఆవిడ వేసే కేకలకు అవతలి జట్టువాళ్ళు కూడా ఉలిక్కిపడి బంతి వదిలేసేవాళ్ళు.

టీము పేరు ఆశీర్వాదం ఫుట్‌బాల్ క్లబ్బు. ఆశీర్వాదం వీరమ్మ మొగుడు. మిషన్ బళ్ళో బంట్రోతుగా చేస్తూ, బడివాళ్ళు పారేసిన బంతులకు అతుకులు వేసి ఊరి పిల్లలకు ఆట నేర్పినవాడు. ఎనిమిదేళ్ళ కిందట పోయాడు. పోయిన నెలకు జ్ఞాపకార్థ కూడిక పెట్టి, టీముకు ఆయన పేరు పెట్టి, వీరమ్మకు శాలువా కప్పి, జీవితకాల సభ్యురాలని రాసుకున్నారు. క్లబ్బు సెక్రటరీ జయరావు మేస్టారు కళ్ళు తుడుచుకుంటూ పుస్తకంలో ఇంకో ముక్క కూడా రాశారు: "సభ్యులలో ప్రతి ఒక్కరూ సంతకం చేసిన గాని ఈ పేరు మార్చరాదు." ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. అంత గట్టిగా ఎందుకు రాశానా అని మేస్టారు ఇప్పుడు తల పట్టుకుంటున్నారు.

వీరమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆవిడ జన్మలో మొగుడి పేరు పలకలేదు. ఆడది మొగుడి పేరు నోట పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని వాళ్ళమ్మ చెప్పింది. ఆయన పోయాక ఇక తరగడానికేమీ లేదు గానీ అలవాటు పోలేదు. ఓటరు కార్డు రాసేవాళ్ళు భర్త పేరేమిటని అడిగితే పక్కింటి హెలెన్ చేత చెప్పించింది. చర్చిలో మరీ తిప్పలు. అందరూ "దేవా, మాకు ఆశీర్వాదం దయచేయుము" అంటుంటే ఆవిడ మటుకు "దీవెన" అని గొణుక్కుంటుంది. మైదానంలో రెండొందల మంది "ఆశీర్వాదం! ఆశీర్వాదం!" అని హోరెత్తిస్తుంటే, ఆయన పెళ్ళాం మాత్రం "మనోళ్ళు! మనోళ్ళు!" అని అరుస్తుంది.

ఇంట్లో ఆ పేరు పిలిచేవాళ్ళు లేరు. అల్లుళ్ళు మామ అంటారు, మనవలు తాత అంటారు. పేరు పెట్టి పిలిచిన ఈడువాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వారానికొకసారి ఆ మైదానంలోనే ఆ పేరు వినబడుతుంది. వీరమ్మ ఆటకు వచ్చేది అది వినడానికే. ఈ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆవిడకు ఈనాటికీ తెలియదు.

ఆ ఏడు టీవీలో కోటీశ్వరులు క్రికెట్ టీముల్ని కొనుక్కోవడం ఊరంతా చూసింది. మిర్చి వ్యాపారి వెంకటనారాయణ కూడా చూశాడు. పక్కనున్న భార్య సుబ్బరావమ్మ, "ఆ గోలంతా మనకెందుకండీ. మన ఊరి పిల్లలు ఉత్త కాళ్ళతో ఆడతన్నారు, బూట్లు కొనిపెట్టరాదా" అంది. ఆవిడకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మైదానం పక్కనే వాళ్ళ కల్లం, మిరపకాయలు ఎండబోసే చోటు. కూలీల మీద కన్నేసి ఉంచాలన్న వంకతో ఆదివారం సాయంత్రాలు అక్కడ కుర్చీ వేయించుకుని, టీము పేరు పెట్టి గొంతు చించుకునేది. ఆ కేకలు ఊరంతా వినేది, ఇంట్లో పడుకుని గుర్రుపెట్టే మొగుడు తప్ప. ఆదివారం అసలు కూలీలే రారన్న సంగతి ఆయనకు ఎన్నేళ్ళైనా తట్టలేదు.

బూట్లన్న మాట పట్టుకుని వెంకటనారాయణ టీము దాకా వెళ్ళాడు. బూట్లు, చొక్కాలు, కొత్త బంతులు, గోలుకు వలలు, పైఊళ్ళకు పోవడానికి లారీ, అన్నీ నావే అన్నాడు. కోరిక మటుకు ఒక్కటే. టీముకు తన పేరుండాలి.

దాంతో గౌస్ బాషా టీ కొట్టు రెండుగా చీలింది. కొట్టు ముందు బల్లలు రెండు. తూర్పు బల్ల మీదవాళ్ళు అమ్మేద్దామన్నారు, పడమటి బల్ల మీదవాళ్ళు చస్తే వీల్లేదన్నారు.

"పేరు పోతే పోయింది, కాలివేళ్ళు మిగుల్తయ్యి గదరా!"

"ఇయ్యాల పేరంటాడు. రేపు గోల్‌కీపరు చేత మిర్చి టిక్కీలు మోయిస్తాడు, చూస్తా ఉండు."

"ఆశీర్వాదం మామ లేకపోతే బంతి గుండ్రంగా ఉంటదని కూడా నీకు తెలిసేది కాదు గదరా! సిగ్గుందా?"

గౌస్ బాషా ఏ పక్షమూ చేరలేదు. రెండు పక్షాలూ టీ తాగుతున్నాయి, ఆయనకు అది చాలు. వెంకటనారాయణ మాత్రం తెలివైన పని చేశాడు. నమూనాకని ఒక జత బూట్లు తెప్పించి అదే కొట్టు చూరుకు వేలాడదీయించాడు. పడమటి బల్లవాళ్ళు వాటి వంక చూడనట్టే చూసేవాళ్ళు. చూసినవాళ్ళు చూసినట్టే మేస్టారింటికి పోయి గుట్టుచప్పుడు కాకుండా సంతకం పెట్టొచ్చేవాళ్ళు. ఆడే కుర్రాళ్ళు సభ్యులు కారు, పెద్దవాళ్ళే. జూన్ వచ్చేసరికి ఇరవైముగ్గురు సభ్యుల్లో ఇరవైరెండు సంతకాలు పడ్డాయి. వీరమ్మది మిగిలింది.

జయరావు మేస్టారు పుస్తకం, కొత్త పెన్ను పట్టుకుని వీరమ్మ వాకిట్లోకి వచ్చారు.

"ఒక్క సంతకం వీరమ్మా."

"చేతులు మంటలు మేస్టారూ. మిరపకాయ చేత్తో నేను పుస్తకం ముట్టుకుంటే, రేపు మీరు కళ్ళు నలుపుకుని నన్ను తిడతారు."

వారం పోయాక మళ్ళీ వచ్చారు. "కోతలైపోయి ఎంతకాలమైందమ్మా, ఇంకా మంటలేంది?"

"మంట లోపలికి పోయింది మేస్టారూ."

మూడోసారి వస్తే కళ్ళజోడు కనపట్టంలేదంది. ఆవిడకు కళ్ళజోడే లేదని మేస్టారికి సగం దారిలో గుర్తొచ్చింది.

ఊరు ఊరంతా వీరమ్మకు మర్యాదలు మొదలుపెట్టింది. గౌస్ బాషా రోజూ టీ పంపేవాడు. చేపలొండుకున్నవాళ్ళు గిన్నెడు కూర తెచ్చిచ్చేవాళ్ళు. బోరింగు దగ్గర ఆవిడ బిందె ముందు నిండేది. పెళ్ళైన కొత్తల్లో కూడా తనకింత మర్యాద జరగలేదని హెలెన్‌తో అని నవ్వుకుంది. నవ్వేది గానీ లోపల బెంగగా ఉండేది. సంతకం పెడితే ఆయన పేరు పోతుంది. పెట్టకపోతే పిల్లలకు బూట్లు రావు. అంతే ఉంది లెక్క.

ఆ నెలలోనే ఒక ఆదివారం, తొలకరికి తడిసి ఆరిన మైదానంలో ఆట జరుగుతోంది. టీములో ముందుండి గోల్స్ కొట్టే అనిల్ కుమార్ కుంటుకుంటూ గీత దాటి వచ్చి వీరమ్మ తట్ట పక్కన కూలబడ్డాడు. కాలి బొటనవేలి గోరు లేచి వేలాడుతోంది. వాడు గుడ్డపీలిక తీసి గట్టిగా కట్టుకుంటున్నాడు.

ఊళ్ళో సంతకం అడగనివాడు వీడొక్కడే అని వీరమ్మకు అప్పుడు తట్టింది. "ఏరా, నువ్వడగవేంది నన్ను?"

"నాకు బంతి తన్నటం నేర్పింది తాతే గదా మామ్మా. ఆయన పేరు తీసెయ్యమని నేనెట్టా అడుగుతా?" అని, వాడు లేచి అదే కాలితో మళ్ళీ ఆటలోకి పోయాడు.

వీరమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏ పిల్లాడు కాలు కొట్టుకుని వచ్చినా ఆ మనిషి వాడి కాలు ఒళ్ళో పెట్టుకుని కట్టు కట్టేవాడు. ఆయనే ఉంటే అందరికంటే ముందు తనే సంతకం పెట్టి, పేరుదేముందిలే అని వచ్చేవాడు. అది ఖాయం. ఆ సంగతి తెలిసేసరికి ఆవిడకు మొగుడి మీద ఒళ్ళు మండుకొచ్చింది. బతికున్నన్నాళ్ళూ అంతే, ఇంటికి తేవలసింది దారిలోనే పంచేసి చేతులూపుకుంటూ వచ్చేవాడు. చచ్చిపోయాక కూడా ఆ బుద్ధి మానలేదు.

తెల్లవారగానే తనే మేస్టారింటికి వెళ్ళింది. వయోజన బడిలో నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటే దిద్ది సంతకం పెట్టింది. ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది.

ఆగస్టులో కొత్త పేరుతో మొదటి ఆట. వాడరేవు నుంచి బెస్తవాళ్ళ జట్టు వచ్చింది. మైదానం పక్కన షామియానా, మైకు, కుర్చీలు, నడి కుర్చీలో జరీ కండువాతో వెంకటనారాయణ. పిల్లల కాళ్ళకు బూట్లు, ఒంటి మీద ఎర్ర చొక్కాలు. వెంకటనారాయణ అన్న పేరు వీపు మీద పట్టక ఈ చంక నుంచి ఆ చంక దాకా సాగింది. జయరావు మేస్టారు మైకు పట్టుకుని జనం చేత పేరు అరిపించబోయారు. మరీ పొడుగైపోతోందని రెండు ముక్కలు చేశారు. ఈ పక్క "వెంకట" అంటే ఆ పక్క "నారాయణ" అనాలి. అది ఫుట్‌బాల్ ఆటలాగా కాక శనివారం భజనలాగా వినిపించింది. వాళ్ళు నారాయణ దాకా వచ్చేసరికి బంతి ఇంకెక్కడికో పోయేది.

వీరమ్మ రాననుకునే వచ్చింది. కాళ్ళు వాటంతటవే తీసుకొచ్చాయి. తట్ట మీద కూర్చుంది గానీ నోరు విప్పలేదు. అనిల్ కుమార్ కాళ్ళ వంక చూసింది, బూట్లు బాగానే ఉన్నాయి. చెవులకే ఏమీ తోచడం లేదు.

ఆట సగం దాటాక, షామియానా కింద నుంచి ఏమీ కనబడక సుబ్బరావమ్మ లేచి, కుర్చీ పట్టుకుని వచ్చి వీరమ్మ పక్కన వేసుకుంది. చెరొక గోలు పడి ఉంది. ఇంకా పది నిమిషాలుంది. అంతలో అనిల్ కుమార్‌కు బంతి దొరికింది. ఇద్దర్ని తప్పించాడు. సుబ్బరావమ్మ దిగ్గున లేచి నోరు తెరిచింది, తెరిచినట్టే ఉండిపోయి, కూర్చుంది. బంతి గోలు పక్కనుంచి పోయింది. మళ్ళీ వాడికే బంతి అందింది. ఆవిడ మళ్ళీ లేచింది, మళ్ళీ నోరు నొక్కుకుని కూర్చుంది.

వీరమ్మ ఓరకంట చూసింది. "అరవండమ్మా. ఇప్పుడు మీ టీమే గదా."

"ఎట్టా అరుస్తానే? ఆయన పేరు నేనెట్టా అంటా?"

వీరమ్మకు నవ్వాగలేదు. ఇన్నాళ్ళకు కడుపారా నవ్వింది. సుబ్బరావమ్మ నెత్తి కొట్టుకుంది.

"నవ్వు నవ్వు! ఇన్నేళ్ళు నోరారా అరిచాను గదే. కట్టుకున్న మొగుడు నా నోటికి తాళం వేశాడు. నోరు మూసుకుని ఆట ముందు ఎట్టా కూర్చునేది?" అంటూ అంటూ ఆవిడ ఆగిపోయింది. వీరమ్మ మొహంలోకి చూసింది. "నువ్వు... ఎనిమిదేళ్ళ నుంచీ ఇట్టాగే కూర్చున్నావా?"

"నేను అనకపోతే ఏందమ్మా. మీరందరూ అనేవాళ్ళుగా. వినబడేది." వీరమ్మ చేతిలోని గడ్డిపోచను తుంచింది. "దానికే వచ్చేదాన్ని."

 సుబ్బరావమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని కుర్చీ ఎక్కి నిలబడింది. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు వినబడేట్టు, "ఆశీర్వాదం! కొట్టండ్రా ఆశీర్వాదం!" అని కేక పెట్టింది.

 షామియానా కింది నుంచి వెంకటనారాయణ లేచి, పంచె పైకి పట్టుకుని, గబగబా వచ్చాడు. ఏం గొడవ జరుగుతుందోనని జయరావు మేస్టారు మైకుతో సహా వెనకాలే పరిగెత్తారు.

"ఏందే నువ్వు? చొక్కాల మీద ఎవరి పేరుందో కనపట్టంలా?"

"కనపడతంది."

"మరి ఆ పేరు అరవ్వేం?"

సుబ్బరావమ్మ కుర్చీ మీదనుంచే కొంగు సర్దుకుంది. "అరవమంటే అరుస్తానండీ. ఇంతమందిలో, మీ పేరు, నోరారా. అరవమంటారా?"

వెంకటనారాయణ పిల్లి ఎదురొస్తే మిర్చి యార్డుకు పోవడం మానుకునే మనిషి. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. రెండొందల మంది ఆయన వంకే చూస్తున్నారు. ఆయన గొంతు తగ్గించాడు.

"వద్దులే. ఆ పాతదే అరుచుకో."

గొంతు తగ్గించాడు గానీ మేస్టారి చేతిలో మైకు ఆపలేదు. ఆ మాట మైదానమంతా వింది. ఆట మొదలైన దగ్గర్నుంచి భజన చేసి చేసి అలిసిపోయిన రెండొందల గొంతులు ఒక్కసారిగా విప్పుకున్నాయి. "ఆశీర్వాదం! ఆశీర్వాదం!" మేస్టారే ముందుగా అందుకున్నారు, తూర్పు బల్లా పడమటి బల్లా కలిసిపోయాయి.

అటు గోలు పడిందో లేదో వీరమ్మ చూడలేదు. తట్ట మీద ముందుకు వంగి, కొంగులో మొహం దాచుకుంది.

సుబ్బరావమ్మ కుర్చీ దిగి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "ఏడుస్తన్నావా వీరమ్మా?"

"లేదమ్మా," అంది వీరమ్మ కొంగులోనుంచే. "ఇంకొక్కసారి అనండి."