బావ కూర్చుంటేనే నిలిచే బల్ల

నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఉక్కు గుండు ఉంటుంది. ఏదో పాత బేరింగులోంచి ఊడిన గోలీ అది. షికారు పడవల్లో బల్లల కాళ్ళు విరిగితే, వాటి బదులు కొత్తవి చేసి బిగించడం ఆయన వృత్తి. పడవ ఇంజను బాగుచేసేవాళ్ళు సవాలక్ష మంది దొరుకుతారు, బల్ల కాలు విరిగితే మాత్రం రేవు పక్కనున్న ఈ రేకుల షెడ్డుకే రావాలి. కాలు బిగించాక, అలల్లేని పొద్దున చూసి, ఆయన గుండుని బల్ల మధ్యలో పెట్టి గ్లాసుడు టీ నింపాదిగా తాగుతాడు. టీ అయ్యేదాకా గుండు నిలిచిందా, పని పాసు. దొర్లిందా, కాలు ఊడదీసి షెడ్డుకి మోసుకుపోవాల్సిందే. కస్టమరు కాళ్ళావేళ్ళా పడ్డా వినడు.

ఆయన చిన్నకూతుర్ని రేవంతా చిచ్చుబుడ్డి అంటుంది. వెల్డింగు చేసేటప్పుడు లేచే రవ్వలకంటే ఆమె నోరు తెరిస్తే లేచేవే ఎక్కువ. పైపు కొయ్యడం, అతకడం, అద్దంలా మెరుగు పెట్టడం అన్నీ ఆమే చేస్తుంది. చివర్లో కాలి మీద పడే ముద్ర మాత్రం నాన్నది, చేప బొమ్మ. తనకంటూ ఒక నక్షత్రం ముద్ర ఎప్పుడో చెక్కుకుంది. దాన్ని నాన్న సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"కొలతల దగ్గర్నుంచి బిగింపు దాకా ఒక్కదానివే చేసి గుండు నిలబెట్టు. ఆ రోజు నీ ముద్ర కొట్టుకుందువుగాని" అన్నాడు.

టీచరమ్మ పడవ రూపంలో ఆ రోజు వచ్చింది. బడి ఉద్యోగం అయిపోయాక ఆవిడా ఆవిడ భర్తా ముచ్చటపడి కొనుక్కున్న చిన్న పడవ. తయారుచేసిన కంపెనీ మూతపడింది. బల్ల కాలు తుప్పు పట్టి, అడుగున నేలకి బిగించే పలకతో సహా ఊడిపోయింది.

"పాత బల్ల మీద టీ పెడితే అంతా మా ఆయన ఒళ్ళోకే పోయేదమ్మా. ఈ కాలయినా కాస్త బుద్ధిగా ఉండేలా చూడు" అంది టీచరమ్మ.

కొలతలకి వెళ్ళిన రోజు వెంట బావ కూడా వచ్చాడు. బావంటే అక్క మొగుడు. మనిషి వెన్న, బరువు మాత్రం వెన్న కాదు. 'ఒళ్ళు తగ్గాలి, కాస్త తిరిగి రండి' అని అక్క ఇంట్లోంచి తరిమితే, తిరగడానికని వచ్చి పడవెక్కి ఒక మూల కూర్చున్నాడు. వేయించిన శనగలు నములుతూ, మరదలికి సలహాలిస్తూ, పని అయ్యేదాకా ఆ మూల వదల్లేదు.

పడవ ఒరిగితే బుడగా కదులుతుంది కాబట్టి నీళ్ళ మీదున్న పడవలో రసమట్టం వాడకూడదనీ, మూలమట్టంతో నేలనుంచే కొలవాలనీ నాన్న చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. కానీ ఆ రోజు ఆమె కాళ్ళు నేల మీద ఉంటేగా! వెంట తెచ్చుకున్న కొత్త అడుగు పలకని నేల మీద ఆనించి, దానిపై రసమట్టం పెట్టింది. బుడగ కాస్త పక్కకి పోయింది. అడుగు పలకని ఒక వైపు పలచగా అరగదీసింది. బుడగ సరిగ్గా మధ్యలోకి వచ్చి నిలిచింది. ఆనందం పట్టలేక బావ శనగల్లో సగం తనే తినేసింది.

పరీక్ష రోజు నాన్న కడిగిన చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. బావ తన మూల తను చూసుకున్నాడు. గుండు బల్ల మధ్యలో పెట్టారు. టీచరమ్మ టీ పోసింది. గ్లాసు ఖాళీ అయింది, గుండు కదల్లేదు. నాన్న జేబులోంచి నక్షత్రం ముద్ర తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమెకి గంతులెయ్యాలనిపించింది. పడవ కాబట్టి ఆగింది.

"శభాష్ మరదలా!" అంటూ బావ లేచాడు.

పడవ అమ్మయ్య అన్నట్టు ఆ మూల పైకి లేచింది. గుండు గబగబా దొర్లి బల్ల అంచుకున్న చెక్కపట్టీకి టంగుమని కొట్టుకుంది.

బావ బిత్తరపోయి ధబీమని కూలబడ్డాడు. గుండు బుద్ధిగా వెనక్కి వచ్చింది.

"అల్లుడుగారూ, కాస్త లేస్తారా?" అన్నాడు నాన్న, మర్యాదకి లోటు రాకుండా.

లేచాడు. టంగ్. కూర్చున్నాడు. గుండు వెనక్కి. మళ్ళీ లేచాడు. టంగ్. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావకి చెమటలు పట్టాయి. అక్క చెప్పిన వ్యాయామం అంతా ఆ ఒక్క పూటలో అయిపోయింది.

"రసమట్టం పెట్టావు కదూ?" నాన్న చెయ్యి చాపాడు. "ముద్ర ఇలా తే. కాలితో పాటు మా అల్లుణ్ణి కూడా బిగించి ఇస్తామా వీళ్ళకి?"

చిచ్చుబుడ్డికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముద్ర తిరిగి ఇచ్చేసింది. తల దించుకుంటే బావ లేచిన చోట దిండు కనిపించింది. నడిమధ్య పెద్ద గుంట.

"బావా, ఇన్ని చోట్లుండగా నువ్వు ఇక్కడే ఎందుకు కూర్చున్నావ్?"

"గుంట ముందే ఉంది మరదలా. నాకోసం కొలిచి కుట్టినట్టు సరిపోయింది."

ఆమె గిరుక్కున తిరిగింది. "టీచరమ్మా, ఈ గుంట ఎవరిది?"

"ఇంకెవరిది, మా ఆయనది. ఈ మూల తప్ప ఇంకెక్కడా కూర్చోరు."

"పిలవండి! బావా, నువ్వు దిగు! దిగు దిగు!"

అల్లుడి మర్యాద చూడకుండా బావని గట్టెక్కించేసింది. గట్టు మీద పేపరు చదువుకుంటున్న టీచరమ్మ భర్త వచ్చాడు. అంతా బావ కొలతే, జుట్టొక్కటే తెలుపు. అలవాటుగా గుంటలో సర్దుకుని కూర్చున్నాడు. పడవ అటు ఒరిగి ఆగింది. నాన్న గుండుని మళ్ళీ మధ్యలో పెట్టాడు.

అది అక్కడే కూర్చుంది. టీచరమ్మ గ్లాసు నిండా, అంచుల దాకా టీ పోసి భర్త ముందు పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. చుక్క కూడా ఒలకలేదు.

"ఏమే, ఇది మన పడవేనా?" అన్నాడాయన.

నాన్న రెండో టీ తాగాడు, మొదటిదానికంటే నిదానంగా. "తప్పు తప్పే" అన్నాడు చివరికి. "కానీ ఇన్నాళ్ళూ నేను మనుషుల్లేని పడవలకి బల్లలు కట్టాను కదే."

అంతలో ఆయన ఫోను మోగింది. ఇంకెవరిదో బల్ల విరిగింది.

"కొలతలకి మా అమ్మాయి వస్తుందండీ. ఇంటిల్లిపాదీ పడవెక్కి, ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుని ఉండండి" అని చెప్పి పెట్టేశాడు.

"నేనూ వెళ్ళనా మావయ్యగారూ?" గట్టు మీంచి బావ.

"మీరు నడిచి వెళ్ళండి అల్లుడుగారూ."

నాన్న ముద్రనీ సుత్తినీ కూతురి చేతికిచ్చాడు. చిచ్చుబుడ్డి బల్ల కాలి మెడ దగ్గర ముద్ర ఆనించి ఒక్క దెబ్బ వేసింది. నవ్వుతూ కొట్టిందేమో, నక్షత్రం కాస్త పక్కకి ఒరిగి పడింది. దాన్ని మాత్రం ఎవరూ గుండు పెట్టి చూడలేదు.