పాట వెనక చప్పుడు

పెదవుల మధ్య రెండు గుండుసూదులు బిగబట్టుకుని, ఆమె పాత పాంటుకి కొత్త జిప్పు అతుకుతోంది. పాంటు స్కూలు బస్సు డ్రైవరుది. పొద్దున్నే వచ్చి, జిప్పు పోయిన దగ్గర్నుంచీ చొక్కా బయటికి వదులుకుని తిరుగుతున్నానని గోడు వెళ్ళబోసుకున్నాడు.

"సాయంత్రానికి కావాలి. నా పరువు నీ చేతిలో ఉంది, మిషనక్కా" అన్నాడు.

"పరువు అక్కడే పెట్టి పో. కుట్టి ఇస్తాను" అంది ఆమె తలెత్తకుండా.

వీధి మొత్తానికి ఆమె మిషనక్క. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. కొత్త బట్టలు కుట్టదు. చిరుగులు, జిప్పులు, సంచుల పట్టీలు, పెరిగే పిల్లల పాంట్ల కింద మడతలు విప్పి పొడుగు చెయ్యడం, ఒళ్ళు చేసినవాళ్ళ చొక్కాలు వదులు చెయ్యడం ఆమె పని. కొత్తవి కుట్టేవాళ్ళు బజారులో బోలెడుమంది ఉన్నారు. మాసిన పాతబట్ట చేతికిస్తే మొహం ముడుచుకోకుండా తీసుకునేది మాత్రం ఈమె ఒక్కతే.

సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి వంగి కూర్చోవడం వల్ల కుడిభుజం కాస్త కిందికి జారింది. చూపుడువేలి గోరు మీద ఎప్పుడో సూది దిగిన చోట నిలువుగా ఒక గాడి మిగిలింది. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుంది. లోకం చిరుగులన్నీ సరిచేసే మనిషి తన కళ్ళజోడు బాగు చేయించుకోదని మేడ మీదావిడ దెప్పుతూ ఉంటుంది. ఉండేది ఒకటే గది, పక్కన చిన్న వంటగది. వెలుతురు కోసం కిటికీ కింద మిషను వేసుకుంది. గోడవారగా మంచం, పైన ఒక చెక్క అల్మరా, ఒక కుర్చీ, మిషను ముందు ఒక స్టూలు. అంతే సామాను.

జిప్పు అటూ ఇటూ లాగి చూసి, పాంటు మడత పెట్టి పక్కన పెట్టింది. ఇంకో సంచీ తీయబోయి ఆగిపోయింది. ఆదివారం. సాయంత్రం వాళ్ళొస్తారు. ఇవాళ మాత్రం పరీక్ష ఫలితాల రోజులా ఉంది ఆమెకి.

వాళ్ళొచ్చేది ఆమె కోసం కాదు, అన్న పాటల కోసం.

అన్న గోదాములో బస్తాలు మోసేవాడు. వీపు మీద బస్తా, నోట్లో పాట. పెళ్ళిళ్ళకి పిలిస్తే పాడాడు, చావులకి పిలవకపోయినా వెళ్ళి పాడాడు. పడవల పాటలు, కోతల పాటలు, అత్తల్ని ఆడిపోసుకునే పాటలు. ఎవరి దగ్గర ఏ పాట విన్నా నోటికి తెచ్చేసుకునేవాడు. ఒక కంపెనీ ఒకే ఒక్క క్యాసెట్టు వేసింది, అది అమ్ముడుపోలేదు. దాని గురించి ఆయన బాధపడినట్టు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒక టేపురికార్డరు కొనుక్కుని, గోదాము నుంచి వచ్చాక ఈ గదిలోనే, అల్మరా మీద దాన్ని పెట్టుకుని పాడుకునేవాడు. అమ్మ పోయిన ఏడాది ఆమెకి మిషను కొనిపెట్టింది కూడా ఆయనే. అప్పటికి ఆమె పెడలు మీద కాళ్ళు ఆనడం కోసం కుర్చీ అంచుకు జరిగి కూర్చోవలసి వచ్చేది. పెళ్ళి మాట అడిగేవాళ్ళు అన్నని అడిగారు, చెల్లెల్ని అడిగారు, చివరికి అలసిపోయి మానేశారు.

చివరిరోజుల్లో ఆయన్ని ఆస్పత్రిలో చూసుకున్న నర్సు, మందులిస్తూ ఆయన కూనిరాగాలు విని, "ఈయన పాటలు ఎక్కడైనా ఉన్నాయా అక్కా?" అని అడిగింది. ఆయన పోయాక ఆమె గుడ్డసంచీలో క్యాసెట్లన్నీ వేసి నర్సు చేతికిచ్చింది. నర్సుకు తెలిసిన ఫోన్ల మెకానిక్కు వాటిని ఫోనులోకి ఎక్కించి నలుగురికీ పంపాడు. అలా ఊళ్ళు దాటి పోయాయి. మొహం కూడా తెలియని మనుషులు అన్న పాటల గురించి ఒకరికొకరు రాసుకుంటున్నారని నర్సు చదివి వినిపిస్తే ఆమెకి నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత ఒక రోజు చదివింది ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. "గొంతు బంగారం. కానీ వెనక ఆ టకటక ఏమిటి? పాటంతా పాడు చేసింది" అని ఎవరో రాశారు. రైలుబండి పక్కన ఇల్లేమో అన్నారు ఇంకొకరు. "ఆ డోలు వాయించినాయన ఎవరో చెప్పగలరా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

డోలు కాదు, రైలూ కాదు. తన మిషను.

ఆ రోజు నుంచీ ఆమెకి ఒకటే దిగులు. అన్న పాటలన్నీ తన వల్లే చెడ్డాయి. అప్పట్లో "ఆపమంటావా అన్నా?" అని అడిగేది. "నీ పని నువ్వు చేసుకోవే" అనేవాడు. నిజంగానే ఆపాల్సింది. ఆ చప్పుడు ఎలాగైనా తీసెయ్యమని మెకానిక్కుని బతిమాలుకుంది. చప్పుడు తీసేసిన పాట ఇవాళ పట్టుకొస్తానన్నాడు.

ఎండ కిటికీ దాటి గోడెక్కే వేళకి ముగ్గురూ వచ్చారు. నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. మెకానిక్కు మొహానికి మించిన మీసాలతో, చంకలో స్పీకరుతో వచ్చాడు. మూడో ఆయన కరెంటు బాబాయి. లైనుమనుగా చేసి రిటైరయ్యాడు. ఊరంతా తిరిగి పాత క్యాసెట్లు ఏరుకునే మనిషి. కుర్చీ ఆయనకిచ్చి మిగతా ఇద్దరూ గచ్చు మీదే చతికిలబడ్డారు. ఆమె టీ పెట్టి తెచ్చి, మిషను ముందున్న స్టూలు మీద ఒదిగి కూర్చుంది.

"వారమంతా కొట్టు కట్టేశాక దీంతోనే కుస్తీ పట్టాను, అక్కా" అన్నాడు మెకానిక్కు. "టేపు బుస తీసేశాను. మీ మిషను చప్పుడు తీసేశాను. ఇప్పుడు వినండి, అద్దంలా ఉంటుంది."

"బుస కూడా తీసేశావా?" బాబాయి నొచ్చుకున్నాడు. "బుస లేకపోతే ఆస్పత్రిలో పాడినట్టుంటుంది కదయ్యా."

"ఆస్పత్రిలోనూ పాడాడు బాబాయ్. నేను విన్నాను, అక్కడా బాగానే ఉండింది" అంది నర్సు.

పాట మొదలైంది. అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి కేకేసే పాట. అన్న గొంతు గది మధ్యలో నిలబడ్డట్టు వచ్చింది. బస్తాలు మోసిన గొంతు, కొంచెం గరుకు, పైకి వెళ్ళినప్పుడు మాత్రం పసిపిల్లాడిది. ఆమె ఒళ్ళో చేతులు గట్టిగా పట్టుకుంది. ఎంత బాగుందో. ఇన్నాళ్ళూ ఈ గొంతుకు తను అడ్డం పడి కూర్చుంది.

"ఒడ్డుకు రా..." దగ్గర గొంతు పైకెక్కి అక్కడే ఆగింది. దిగలేదు. సాగుతూనే ఉంది. ఎందుకు ఆగాడో, దేనికోసం చూస్తున్నాడో తెలియదు. చివరికి "...వా" అని దిగి పాట మళ్ళీ నడక అందుకుంది.

మెకానిక్కు అందరి మొహాలూ చూశాడు.

"గొంతు తేటగా ఉంది. నీ పనికి వంక పెట్టను" అన్నాడు బాబాయి, గడ్డం గోక్కుంటూ. "కానీ పాట కుంటుతోంది. అక్కడ మరీ..."

"అక్కడ టేపు సాగిపోయింది బాబాయ్. కొంచెం కత్తిరిస్తే సరిపోతుంది."

"ఆగు" అంది నర్సు. "మొదటిది పెట్టు. నువ్వు ముట్టుకోనిది."

మెకానిక్కు మీసం సవరించుకుని పాతది పెట్టాడు. బుస, గొంతు, వాటి వెనక టకటక టకటక. ఆమె తల దించుకుంది. "ఒడ్డుకు రా..." అని గొంతు పైకెళ్ళిన చోట టకటక ఆగిపోయింది. ఆ ఖాళీలో, దూరంగా, ఒక ఆడగొంతు: "ఛీ, తెగింది." కత్తెర చప్పుడు. ఏదో కింద పడి దొర్లింది. అన్న గొంతు అలాగే పైన నిలబడి ఉంది, సాగుతూ, సన్నగా. చక్రం ఒకసారి కిర్రుమంది. మిషను మళ్ళీ కదిలింది. మొదటి టక్కుమీదే "...వా" అని గొంతు కిందికి దిగింది.

నర్సు ఆమె వైపు తిరిగింది. "టేపు సాగలేదక్కా. ఆయనే ఆగాడు. మీరు దారం ఎక్కించుకునేదాకా ఆగాడు."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. "మళ్ళీ పెట్టు నాయనా" అంది.

మళ్ళీ పెట్టాడు. తర్వాత ఇంకో పాట పెట్టాడు. అందులో కుట్టు నెమ్మదించిన చోట పాట నెమ్మదించింది. పొడుగాటి అంచు మీద మిషను పరుగెత్తిన చోట గొంతు నవ్వుతూ దాని వెంటబడింది. బాబాయి కుర్చీలోంచి ముందుకు వంగి, మోకాలి మీద వేలితో తాళం వేస్తూ, "అమ్మ దొంగా! అమ్మ దొంగా!" అంటున్నాడు. పొగుడుతున్నది అన్ననో చెల్లెల్నో ఆయనకే తెలిసినట్టు లేదు.

ఆమెకి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. తనకి జ్వరమొచ్చి పడుకున్న రోజుల్లో అన్న టేపురికార్డరు ముట్టుకునేవాడు కాదు. "ఇవాళ పాడవేం?" అంటే "మూడ్ లేదే" అనేవాడు. గోదాము నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ముందు ఆమె వైపు చూసేవాడు. "ఇవాళ పనేమైనా ఉందా?" అని అడిగేవాడు. తను అలసిపోయిందేమోనని అడుగుతున్నాడు అనుకునేది. "ఉందన్నా" అంటే ఆయన మొహం వెలిగేది.

ఖాళీ గ్లాసులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. కుళాయి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం తేటగా ఉంది.

"ఉంచెయ్యి నాయనా. అంతా ఉన్నదున్నట్టు ఉంచెయ్యి. నీ కష్టం వృథా చేశాను."

"వృథా ఏంటక్కా, తీసి చూస్తేనే కదా తెలిసింది" అన్నాడు మెకానిక్కు.

"ఆ 'ఛీ' ఒక్కటీ తీసేస్తావా? ఊళ్ళన్నీ వింటున్నాయంటున్నారు, పరువు పోతుంది."

"అమ్మో, అది తీస్తే నేనొప్పుకోను" అన్నాడు బాబాయి. ముగ్గురూ పెద్దగా నవ్వారు. కాస్త ఆలస్యంగా ఆమె కూడా నవ్వింది.

మెకానిక్కు అక్కడే కూర్చుని, డోలు గురించి అడిగిన పెద్దమనిషికి జవాబు రాశాడు. అది కుట్టుమిషననీ, తొక్కింది ఆయన చెల్లెలనీ. టీ గ్లాసులు ఆరకముందే తిరుగు జవాబు వచ్చింది. నర్సు చదివింది: "ఇంత చక్కగా ఆయనతో నడిచినవాళ్ళు ఇంకొకరు లేరు. ఆవిడకి నా నమస్కారం చెప్పండి." ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. లేచి ఆ ఫోనుకే చేతులు జోడించి, సిగ్గుపడి దించేసుకుంది. ఇంతలో స్కూలు బస్సు డ్రైవరు పాంటు కోసం తలుపు తట్టాడు. బతికిపోయాననుకుని అటు వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "వచ్చే ఆదివారం కూడా రండి" అంది. ఆమె నోరు తెరిచి పిలవడం అదే మొదలు.

గురువారం మధ్యాహ్నం ఆమె కాసేపు నడుం వాల్చింది. చిరిగిన దుప్పటి పట్టుకుని కిందికి దిగిన మేడ మీదావిడ, పిలిచి, పిలిచి, చెయ్యి పట్టుకుని చూసింది. గుండె నిద్రలోనే ఆగిందన్నాడు డాక్టరు. మొహంలో బాధ లేదని అందరికీ చెప్పుకుంది మేడ మీదావిడ.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. సంగతి ముందే తెలిసినా రాకుండా ఉండలేకపోయారు. మేడ మీదావిడ తాళం తీసి, లైటు వేసి, పక్కకి తప్పుకుంది.

"బుధవారం బజారుకెళ్ళి తెచ్చుకుంది" అంది. "ఒక్కదానివి, నీకెందుకింత పెద్దదంటే, నాకు కాదు, వచ్చేవాళ్ళకి అంది."

తలుపు వెనక గోడకి ఆనించి ఒక కొత్త చాప ఉంది. నలుగురు కూర్చునేంత వెడల్పు. చుట్ట చుట్టి కట్టిన తాడు ఇంకా విప్పలేదు.