మునుగుబోతు ఎవరిది

మునుగుబోతుకు చూపు ఆనదు. దూడంత ఒళ్లు, నీళ్లంటని నల్లటి బొచ్చు, వేళ్ల మధ్య తోలు, మూతినిండా మీసాలు. కాలువలో మునిగి, గోడ ఎక్కడ కారుతుంటే అక్కడ మీసాలు ఆనించి, తోకతో నీళ్లు చిందిస్తుంది. మేస్త్రీ ఆ చోట గుర్తు పెడతాడు. పైకొచ్చాక, సాకే మనిషి చంకలో మూతి దూర్చి వాసన పీల్చుకుంటే గానీ మళ్లీ మునగదు.

ఏళ్ల తరబడి ఆ చంక పెద్దకోడలిదే. కాలు విరిగి ఆమె మంచాన పడ్డాక, పని ఆగకూడదని తోడికోడలు దిగింది.

కట్టు విప్పించుకుని వచ్చిన రోజు పెద్దామె గట్టు మీద కూర్చుని చెయ్యి ఎత్తింది. మునుగుబోతు తేలింది. ఆమె దగ్గర ముక్కు ఆడించి, తుమ్మి, చిన్నామె చంకలోకి దూరింది.

"ఆసుపత్రి కంపు అక్కా, అంతే. నాలుగు రోజులు పోతే అదే వస్తుంది."

"నువ్వేం మందు పెట్టావో తల్లీ!" అంది పెద్దామె.

మేస్త్రీ నవ్వాడు. పెద్దామె కూడా నవ్వింది, లోపల కుంపటి రాజుకుంటుండగా. ఇంట్లో అత్త మెప్పూ, పిల్లల మారాలూ ఎప్పుడో చిన్నదానికి వదిలేసింది. అప్పుడు ఏమీ అనిపించలేదు, ఇదొకటి తనకుందని కాబోలు. తిట్టుకుందామంటే చిన్నదానిలో ఒక్క తప్పూ దొరకదు. దానికి ఇంకా మండింది.

మర్నాడు చిన్నామె మేస్త్రీతో తూము దగ్గరికి వెళ్లింది. ఆమె పనికోటు కొక్కేనికి వేలాడుతోంది. పెద్దామె అటూ ఇటూ చూసి తొడుక్కుంది. భుజాల దగ్గర బిగుతు.

మునుగుబోతు నేరుగా వచ్చి మూతి దూర్చింది. గుచ్చుకునే మీసాలు, వెచ్చటి ఊపిరి, గొంతులో ఆ గురగుర. ఆమె కళ్లు మూసుకుంది. ఈ ప్రేమంతా కోటుకి. తను దాన్ని తగిలించిన కొయ్య. తెలుసు. అయినా తొయ్యలేకపోయింది.

"అక్కా?"

వెనక చిన్నామె.

"చలేసింది. ఉతికి ఇస్తాలే."

చిన్నామె మండే ఎండకేసి చూసింది. వచ్చి పక్కన కూర్చుంది.

"ఉతక్కు. రేపూ వేసుకో. మనిద్దరి చెమటా కలిస్తే మెల్లగా నీకే అలవాటవుతుంది."

ఆ మాటలో ఎగతాళి కోసం పెద్దామె వెతికింది. ఉంటే ఆ క్షణమే కోటు విప్పి మొహాన కొట్టేది. లేదు. బొత్తాలు పెట్టుకుని, గట్టు వెంట ముందుకు నడిచింది.