మొసలి కాన్పు

బాన్సువాడ కాలేజీలో పదహారేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. మొసలి పిల్లలు గుడ్లలోంచి ఎలా బయటికొస్తాయో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. కళ్లారా చూసింది మాత్రం లేదు. పిల్లలు నా వెనక ‘మొసలి మేడం’ అంటారు. నా కోపం తెలుసు కాబట్టి ముందు మాత్రం అనరు.

ఈ వేసవిలో నిజాంసాగర్ నీళ్ల నడుమ ఉన్న గడ్డ మీద ఆడమొసలి గుడ్లు పెట్టిందని పడవ నడిపే పండరి కబురు పంపాడు. జూన్ రాగానే అటవీశాఖ వాళ్లను బతిమాలి అయిదు రోజులకు అనుమతి తెచ్చుకున్నాను. ‘ముందుంది మొసళ్ల పండుగ’ అని స్టాఫ్‌రూంలో నవ్వుకున్నారు. వంటకు సోనాబాయి వచ్చింది. వాళ్ల తండాలో సగం మంది ఆమె చేతిలో పుట్టినవాళ్లే.

గూటికీ నీళ్లకూ మధ్య చదునైన ఇసుక చూసి, దగ్గర్నుంచి కనబడాలని అక్కడే పచ్చగుడ్డతో చిన్న గుడారం కట్టించాను. రాత్రిళ్లు పైనున్న బండ దగ్గర పడుకుని, మూడు రోజులు పగలంతా అందులో కూర్చుని కొంగల్నీ, చేపల కోసం కొట్లాడుకునే నీటికుక్కల్నీ చూశాను. నేను వచ్చింది మాత్రం వాటికోసం కాదు.

నాలుగో రోజు తల్లి మొసలి అవతలి ఒడ్డున ఎండకు పడుకున్నప్పుడు వెళ్లి గూటి దగ్గర నేలకు చెవి ఆనించాను. లోపల్నుంచి సన్నగా కీచుకీచుమని పిలుపు. గుడ్లలో ఉండగానే పిల్లలు తల్లిని పిలుస్తున్నాయి. ఆమె వచ్చి తవ్వితే తప్ప ఆ గట్టి నేలలోంచి బయటపడలేవు.

సాయంత్రానికి తల్లి ఇవతలికి ఈది వచ్చింది. కళ్లు మాత్రం నీటిపైన పెట్టి అక్కడే ఆగిపోయింది. ఎంతసేపు చూసినా ఒడ్డెక్కలేదు.

“ఎగువన వాన కొడుతున్నది మేడం. రేపటికి నీళ్లు ఎక్కుతయి. పన్నెండింటికి పడవ తీస్త” అన్నాడు పండరి.

నీళ్లెక్కితే గూడు మునుగుతుంది. ఉన్న పిల్లలన్నీ నేలలోనే ఊపిరాడక పోతాయి. “అయితే పొద్దున్నే నేనే తవ్వేస్తాను” అన్నాను.

“వద్దు మేడం” అంది సోనాబాయి రొట్టె తిప్పుతూ. “నువ్వు తవ్వితే పిల్లలు బయటికొస్తయి గని, తల్లి లెక్క ఎత్తుకపోయి నీళ్లల్ల ఇడిసేది ఎవరు?”

“నీకేం తెలుసు సోనాబాయీ మొసలి సంగతి?” అని కసిరాను.

“మొసలి సంగతి తెల్వది. కాన్పు సంగతి తెలుసు.”

తెల్లవారి లేచేసరికి బియ్యం సంచీ మూతి విప్పి ఉంది. గిన్నెల మూతలన్నీ పక్కన బోర్లించి ఉన్నాయి. పడవ తాడు కొయ్యనుంచి ఊడదీస్తే, పడవ కొట్టుకుపోకుండా పండరి దాన్ని చేత్తో పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డాడు. నా పచ్చ గుడారం నేల మీద లేదు. ఆ గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని సోనాబాయి ఎదురొచ్చింది.

“ఎవరు విప్పమన్నారు?” అని అరిచాను.

“కాన్పు కష్టమైతే మా తండాల ఇంట్ల ముడులన్ని ఇప్పుతం. మూతలన్ని తీస్తం” అంటూ నా వెనక్కి వచ్చి కొప్పు కూడా లాగేసింది.

తిట్టడానికి నోరు తెరిచి, గుడారం ఉన్నచోటు చూశాను. ఏటవాలుగా పడ్డ పొద్దుటి వెలుగులో ఇసుక మీద వెడల్పాటి గాడి కనబడింది. నీళ్లలోంచి గూటిదాకా, తల్లి మొసలి పొట్ట రాసుకుని రాసుకుని పడిన దారి. సరిగ్గా దాని మీదే మేకులు దిగ్గొట్టాను. దీపం కింద చీకటంటే ఇదే. సిగ్గుతో చచ్చిపోయాను.

ముగ్గురం పైనున్న బండ వెనక్కి వెళ్లిపోయాం. అరగంటకు ఆ తల్లి నీళ్లలోంచి లేచింది. తడిసిన ఆ దేహం ఆ గాడిలోనే మెల్లగా పైకి నడిచి, గూటి దగ్గర ఆగి, తల వంచి విన్నది. తర్వాత ముందుకాళ్లతో తవ్వింది. బర్రె ఎముకల్ని నుగ్గుచేసే దవడలు తెరిచి, జానెడు పొడవున్న పిల్లల్ని ఒక్కొక్కటే నోట్లోకి తీసుకుంది. నీళ్లదాకా మోసి వదిలి, మళ్లీ వచ్చింది. లెక్కపెట్టబోయి పద్నాలుగు దగ్గర మరిచిపోయాను. పగలని గుడ్డొకటి మిగిలితే, చింతగింజను చప్పరించినట్టు నోట్లో మెల్లగా ఆడించింది. పెంకు చిట్లి ఒక చిన్న తల బయటికొచ్చింది. అంత బలం అంత మెత్తగా ఉండగలదని నేనెన్నడూ ఏ క్లాసులోనూ చెప్పలేదు. నాకు తెలియదు కనుక.

పన్నెండయ్యేసరికి నీళ్లు ఖాళీ గూటి అంచును తాకాయి.

“కాన్పయింది. ఇగ కొప్పు ఏసుకో మేడం” అంది సోనాబాయి.

రెండుసార్లు ప్రయత్నించాను. ముడి పడలేదు. ఆమె ముందు, నేల మీద, వీపు తిప్పి కూర్చున్నాను.

“నువ్వే వెయ్యి అవ్వా” అన్నాను.