చేతి బిగువు

ఆత్మకూరు మెకానిక్ గోవిందయ్య దొంగ. 1990లో నా కారుకు కొత్త ఫిల్టరు వేశానని చెప్పి పాతదాన్నే తుడిచి బిగించాడు. బండి ఇచ్చే ముందు ఆ ఫిల్టరు అడుగున నేను మేకుతో ఒక గీత గీశాను. బండి తిరిగి వచ్చాక వంగి చూస్తే ఆ గీత అక్కడే ఉంది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఇక ఏ మెకానిక్ చెయ్యీ నా బండి మీద పడకూడదని ఆ రోజే చెప్పేశాను. పడలేదు. పాత మారుతి. ఇంజన్ ఆయిల్ మార్చకుండా ఐదేళ్లు నడిపాను. ఇంజన్ చప్పుడు నా భార్య లిదియమ్మ కుట్టుమిషన్ చప్పుడు లాగా సన్నగా, ఒకే తీరుగా ఉండేది. ఉదయగిరి బస్టాండు టీ కొట్టులో ఎవరు కారు మాట ఎత్తినా నేను ఊరుకునేవాణ్ని కాదు.

"ఆయిల్ మార్చేదంతా మెకానిక్కులు పుట్టించిన మాయ. మనిషి రక్తం ఎవుడన్నా ఆర్నెల్లకొకసారి మారస్తాడా?"

లిదియమ్మకూ అదే చెప్పేవాణ్ని. ఆమె మిషన్ మీది నుంచి తల ఎత్తకుండా "ఊఁ" అనేది.

1995 సెప్టెంబరులో ఆమె పోయింది. మూడు రోజుల జ్వరం. దాని గురించి ఇంతే.

ఏడాది దాటాక ఇంజన్ టకటకమనడం మొదలుపెట్టింది. స్టీరింగు ముందర ఆయిల్ బుడ్డి బొమ్మ ఉన్న ఎర్రలైటు వెలిగి ఆరేది కాదు. పక్కింటి జబీవుల్లా ఆర్టీసీలో బస్సు తోలి రిటైరయినవాడు. బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే కడ్డీని లాగి, తుడిచి, మళ్లీ ముంచి తీసి నా ముక్కు కింద పెట్టాడు. కొసకు నల్లటి చుక్క అంటింది. అంతే.

"ఇంకొక్క వారం నడుపు కొండయ్యా. ఇంజన్ పట్టేస్తాది. అప్పుడు దాన్ని ఇప్పేది ఎవురో తెలుసునా?"

తెలుసు. ఈ చుట్టుపక్కల మారుతి ఇంజన్ విప్పి కట్టగలిగినవాడు గోవిందయ్య ఒక్కడే. నా బండి తాడు కట్టించుకుని వాడి షెడ్డు ముందుకు పోవడం! వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నవ్వడం!

"నేనే మారస్తా" అన్నాను.

"నువ్వా?"

"నేనే. ఈ రోజే."

ఆ పొద్దుటి బస్సుకే ఆత్మకూరు పోయాను. మూడు లీటర్ల డబ్బా, కొత్త ఫిల్టరు కొన్నాను. బస్టాండుకు దగ్గర దారి ఉన్నా పోలేదు. గోవిందయ్య షెడ్డు ముందు నుంచి, డబ్బా వాడికి కనపడేలా పట్టుకుని నడిచాను. వాడు చూశాడు. నా గుండె పెళ్లికొడుకు గుండెలాగా కొట్టుకుంది.

మధ్యాహ్నానికల్లా ముందరి చక్రాలు రెండూ బండరాళ్ల మీద ఎక్కించాం. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాం. ఐదు నిమిషాలు ఇంజన్ ఆడించి ఆపేశాం. వేడెక్కితే ఆయిల్ బాగా దిగుతుందట. జబీవుల్లా తన ఇంట్లోంచి స్పానర్, పాత బేసిన్, కింద పరుచుకోవడానికి ఒక గోతం తెచ్చాడు. గోతానికి నాలుగు అంచులూ మడిచి రెండు వరసలు కుట్టి ఉన్నాయి.

"ఏంది భాయ్, గోతానికి అంచు కుట్టించినావు? దీనికేమన్నా పెళ్లా?"

"పడుకోరా సామీ. మాట్లాడమాక."

కారు కిందికి దూరాను. యాభై ఆరేళ్లలో మొదటిసారి ఒక బండి కింద వెల్లకిలా పడుకున్నాను. స్పానర్ పెట్టి లాగాను. కదల్లేదు.

"ఎడంపక్కకు! నీ ఎడం రా, నా ఎడం కాదు!"

బోల్టు కదిలింది. వేళ్లతో తిప్పుతుంటే ఒక్కసారిగా ఊడి చేతిలోకి వచ్చింది. నల్లటి ఆయిల్ ధారగా దూకింది. మణికట్టు చురుక్కుమంది.

"వచ్చింది! భాయ్, వచ్చింది!"

అంతకు ముందు ఎప్పుడు అంత గట్టిగా అరిచానో గుర్తు లేదు. ఎదురింటి చాంద్‌బీ గుమ్మంలోకి వచ్చి చూసింది. నేను కారు కింద పడుకుని నవ్వుతున్నాను.

ఇక ఫిల్టరు. ఆరేళ్లుగా కదలనిది, పట్టుకుపోయి ఉంటుంది. అందుకని సైకిల్ చెయిన్, పెద్ద స్క్రూడ్రైవర్, సుత్తి సిద్ధం చేసుకున్నాను. ఎంత గట్టిగా ఉందో చూద్దామని ముందు ఉత్త చేత్తో పట్టుకున్నాను.

తిరిగింది.

"భాయ్! తిరుగుతుండాది! చేత్తోనే!"

"తిరక్క ఏం చేస్తాది? ఫిల్టరుకు చేతి బిగువే. బిగించిన చెయ్యి తెలిసిన చెయ్యి."

ఊడదీసి బయటికి పాక్కుంటూ వచ్చాను. నా గీత కావాలి నాకు. దాన్ని టీ కొట్టులో అందరికీ చూపించాలి. లుంగీ కొసతో అడుగు తుడిచాను.

గీత లేదు. సూదితో గీసిన అంకెలు ఉన్నాయి. 22.8.95.

ఆ తొమ్మిది నాకు తెలుసు. తోక ఎడమకు వంకర తిరిగి పోతుంది. జాకెట్ల కొలతల పుస్తకం నిండా ఆ తొమ్మిదే. ఆ తేదీ కూడా తెలుసు. మా పొలం కేసు వాయిదాకు ఆ రోజు తొలి బస్సుకే నెల్లూరు పోయాను.

"భాయ్. ఇది ఎవురి చెయ్యి?"

జబీవుల్లా గోతం వైపు చూశాడు.

"దానికి అంచు కుట్టిన చెయ్యే. ఆర్నెల్లకొకసారి, నువ్వు వాయిదాకు పోయిన రోజు చూసుకుని మార్చేది. నడమ తగ్గితే పోసేది. మొదటిసారి నేను నేర్పించినా. రెండోసారికి నన్ను దగ్గరికే రానియ్యలా."

"నాకెందుకు చెప్పలా?"

"'ఆయనకి చెప్పమాకన్నా, టీ కొట్లో మాట పోతాది' అనింది. నేను మాటిచ్చినా."

నాకు కోపం వచ్చింది. ఐదేళ్లు! నేను అక్కడ కూర్చుని మాయ, మాయ అని అరుస్తుంటే, ఈమె ఇక్కడ ఇదే గోతం మీద! ఆ కోపంతోనే కొత్త ఫిల్టరు అందుకున్నాను. మేకు తీసుకుని దాని అడుగున 23.11.96 అని గీశాను. నా తొమ్మిదికి ఆ వంకర రాలేదు.

"రబ్బరుకు కాస్త ఆయిల్ పుయ్యి" అన్నాడు జబీవుల్లా. "అది ఆనినాక ముప్పావు చుట్టు. ఇంక చాలు. 'ఊరగాయ జాడీ మూతేగా అన్నా' అనింది చెల్లెలు."

బిగించాను. అడుగు బోల్టు కూడా వేశాను. కొత్త ఆయిల్ పోశాం, తేనె రంగు. కారులో కూర్చుని తాళం తిప్పాను. ఎర్రలైటు వెలిగింది. ఒకటి. రెండు. మూడు. ఆగిపోతుందా? పట్టేస్తుందా? నాలుగు.

ఆరిపోయింది!

టకటక సన్నగిల్లి, సన్నగిల్లి, పోయింది. మళ్లీ ఆ కుట్టుమిషన్ చప్పుడు. నేను హారన్ మోగించాను. జబీవుల్లా బానెట్ మీద దరువు వేశాడు. కిందికి వంగి చూశాడు, ఒక్క చుక్క కారలేదు. అద్దాలు దించి దుత్తలూరు దాకా పోయి వచ్చాం. దారంతా ఇద్దరం అరుచుకుంటూనే మాట్లాడాం.

తిరిగి వస్తూ టీ కొట్టు దగ్గర ఆపాను. కొట్టు పెంచలప్రసాద్ గ్లాసులు అందిస్తూ మొదలుపెట్టాడు.

"ఏం కొండయ్యన్నా, ఆయిల్ మార్చినావంట! ఐదేళ్లు మార్చకుండానే తిరిగినావే. మాయ ఏమైపోయింది?"

అందరూ నవ్వారు. జబీవుల్లా తన టీలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఆర్నెల్లకొకసారి మార్చాల" అన్నాను.

"మరి ఆ ఐదేళ్లు?"

టీ తాగేసి లేచాను.

గోవిందయ్య దొంగే. అది మారదు. ఆ ఐదేళ్ల సంగతి ఆ రోజు చెప్పలేదు. తర్వాత ఎవరడిగినా చెప్పలేదు. ఇక్కడ ఒకసారి రాశాను. దీని గురించి ఇంకెప్పుడూ మాట్లాడను.